మేక నమిలిన నలభై రెండో పేజీ

ముందుగా ఒట్టు. ఇందులో ఉన్న ప్రతి మాటా నిజం. నా కథలు విన్నవాళ్లు ఈ వాక్యం దగ్గరే నవ్వుతారని తెలుసు కాబట్టి సాక్ష్యం కూడా పెడుతున్నాను. మా ఇంట్లో నిజం చెప్పించడానికి ఒక పద్ధతి ఉండేది. మా బాపు బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీలో ప్యాన్ మ్యాన్. అంటే ఉడుకుతున్న చెరకు పాకం ఏ క్షణాన గింజ కడుతుందో గాజుపలక మీద బొటనవేలితో తడిమి చెప్పే మనిషి. నేను బడి నుంచి ఆలస్యంగా వచ్చి, దారిలో చెరకు ట్రాక్టరు బోల్తా పడిందనో, దాని కింద నుంచి నేనే డ్రైవరును బయటికి లాగాననో మొదలుపెడితే, బాపు ఏమీ అనకుండా డబ్బా మూత తీసి నా నాలుక మీద చిటికెడు చక్కెర వేసేవాడు. "ఇగ చెప్పు. గిది కరిగేదాంక అబద్ధమాడొద్దు. కరిగినంక నీ ఇష్టం" అనేవాడు. ఆ చట్టం ప్రకారమే, ఈ అధ్యాయం మొదలుపెట్టే ముందు వంటింట్లోకి వెళ్లి చిటికెడు తెచ్చి నాలుక మీద వేసుకున్నాను. ఇప్పుడు అది అక్కడే ఉంది.

పోయిన వానాకాలంలో మా ఎస్తేరత్త కోటగిరిలో చనిపోయింది. బాపుకు అక్క. పెళ్లి చేసుకోలేదు. మిషను ఆసుపత్రిలో ఆయాగా పనిచేసి, కళ్లు మసకబారాక ఫ్యాక్టరీ ఇచ్చిన మా లైన్ క్వార్టరుకు వచ్చి కొన్నేళ్లుండి, తర్వాత కోటగిరిలో చిన్నాన్న ఇంటికి వెళ్లిపోయింది. ప్రార్థన అయిపోయాక చిన్నాన్న కొడుకు ఒక రేకు పెట్టె తెచ్చి నా ముందు పెట్టి, "అన్నా, గిది నీకియ్యమన్నది" అన్నాడు. పెట్టెలో రెండు తెల్లచీరలు, ఆయా పనినాటి కత్తెర, గుడ్డ మీద అచ్చేసిన ఒక పటం. వాటి అడుగున ఒక పుస్తకం. నల్లగుడ్డ అట్ట, తోలు వెన్ను, మూడు పక్కలా ఎర్ర రంగు పూసిన అంచు. గుడిలో పీఠం మీద పెట్టే గ్రంథంలా ఉంది చూడడానికి. ఆ తమ్ముడు కూడా అలాగే అనుకుని కళ్లకద్దుకున్నాడు. తెరిచి చూసి, "అన్నా, గిందుల దయ్యాల బొమ్మలున్నయేంది?" అని అదిరిపడ్డాడు.

అది ఒక కంప్యూటర్ ఆటకు వచ్చిన పుస్తకం. ఈ తరం వాళ్లకు కొంచెం విడమరచి చెప్పాలి. ఆ రోజుల్లో కంప్యూటర్ ఆటల్లో ఒక రకం ఉండేది. తుపాకీ కాల్చడం, బండి తోలడం కాదు. లేని రాజ్యంలోకి నలుగురు మనుషుల్ని వెంటబెట్టుకుని బయలుదేరాలి. వాళ్ల తిండి, దెబ్బలు, దీపంలో నూనె అన్నీ మనమే చూసుకోవాలి. ఆటంతా రెండు ఫ్లాపీల్లో పట్టేది. ఆ ఫ్లాపీల్లో రాజ్యం చరిత్ర పట్టదు, అడవి వాసన పట్టదు, రాక్షసుడి ముఖం కూడా సరిగ్గా పట్టదు. తెర మీద రాక్షసుడంటే నాలుగు ఆకుపచ్చ గళ్లు, అంతే. అందుకని పట్టనిదంతా పుస్తకంలో అచ్చేసి అట్టపెట్టెలో పెట్టి ఇచ్చేవాళ్లు. నాలుగు గళ్లు కనిపించగానే పుస్తకం తెరిస్తే దానికి ఎన్ని పళ్లో, ఏం తింటుందో, దేనికి భయపడుతుందో పేజీన్నర ఉండేది. రాక్షసుడు సగం తెర మీద, సగం కాగితం మీద ఉండేవాడు. మిగతా సగం మన తలలో. మొత్తం ఒకటిన్నర రాక్షసుడన్నమాట.

అది మా చేతికి ఎలా వచ్చిందంటే, నిజామాబాదులో ఇక్బాల్ అన్న అని ఒకాయన కంప్యూటర్ సెంటరు పెట్టాడు. బస్టాండుకు దగ్గర్లో, పసుపు వ్యాపారి గోదాము మీద అంతస్తు. మెట్లు ఎక్కేసరికి అరికాళ్లు పచ్చగా అయ్యేవి. అందుకే గడప దగ్గర తడిగోనె, చెప్పులు బయట, లోపల చల్లటి ఏసీ గాలి, సాంబ్రాణి వాసన. నేను ఇంటర్ చదువుతూ శనివారం శనివారం బోధన్ నుంచి బస్సులో వెళ్లేవాణ్ని. ఆయన తమ్ముడు దుబాయిలో ఉండేవాడు. ఒకసారి పంపిన డబ్బాలో సబ్బులు, దుప్పట్లు, అత్తరు సీసాలతో పాటు ఈ ఆట కూడా వచ్చింది. ఆట తెరవబోతే మధ్యలో ఒక ప్రశ్న వచ్చి నిలబడింది. ఫలానా పేజీలో ఫలానా పేరా మొదటి మాట ఏమిటి? పుస్తకం కొన్నవాడికే జవాబు తెలుస్తుంది, ఫ్లాపీలు దొంగతనంగా దించుకున్నవాడికి తెలియదు. అదీ దాని కాపలా.

ఇక్బాల్ అన్న పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి నా చేతిలో పెట్టాడు. "మియా, నువ్వు మిషన్ స్కూల్ల సదివినవ్ గద. ఇంటికి తీసుకపో, మంచిగ సదివి ఎట్ల ఆడాల్నో నాకు తెలుగుల చెప్పు. ఒకటి యాదుంచుకో. ప్రశ్నకు మూడుసార్లు తప్పు కొడితే డిస్కు మీదున్నదంత చెరిగిపోతదని మా తమ్ముడు ఫోన్ల చెప్పిండు. కితాబు పైలం."

పుస్తకాన్ని చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చేసరికి చెరకు ఆడే క్రషింగ్ సీజను. ఆ నెలల్లో మా లైన్లకు ఒక వాసన ఉండేది, మడుగు కట్టిన బెల్లంలో ఎవరో పాత ఇనుము నానబెట్టినట్టు. పొయ్యిలో కాలిన చెరకు పిప్పి బూడిద నల్లటి ఈకల్లా ఎగిరి ఆరేసిన బట్టల మీద వాలేది. మా అమ్మ దాన్ని చేత్తో దులపదు, నలుపు అంటుకుంటుందని నోటితో ఊదేది. సాయంత్రం ఫ్యాక్టరీ భోంగా మోగితే బాపు షిఫ్టుకు పోయేవాడు. అప్పటికి అత్తకు రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరిపోయాయి. వెలుగు, చీకటి, అడ్డంగా నడిచే మనిషి నీడ, ఇవి మాత్రమే తెలిసేవి. చదువంటే ప్రాణమైన మనిషి. చిన్నప్పుడు సండే స్కూల్లో వాక్యాలు కంఠస్థం చేసే పోటీలో ఏటా ఆమెదే బహుమానం. అధ్యాయం, వచనం అంకె చెబితే చాలు, మాట మొదలుపెట్టేది. కళ్లు పోయాక సాయంత్రం పూట ఏదో ఒకటి చదివి వినిపించడం నా పని. జొన్నరొట్టె చేతిలో పట్టుకుని గడప మీద కూర్చునేవాణ్ని. ఆమె లోపల మంచం పట్టె మీద చేయి వేసుకుని వినేది.

"ఏం పుస్తకంరా గది? వాసనే కొత్తగున్నది."

"కంప్యూటర్ పాఠం అత్తా."

"సదువు మరి. పేజీ అంకె చెప్పి సదువు. అంకె లేకుండ సదివితే గాలికి సదివినట్టే."

అలా మొదలైంది. మిషను సభలకు పరదేశం నుంచి బోధకుడు వస్తే ఆయన ఒక ముక్క ఇంగ్లీషులో అంటే పక్కన పాస్టరుగారు దాన్నే తెలుగులో అనేవారు కదా, నేనూ అదే పద్ధతి పెట్టాను. పేజీ అంకె, పేరా అంకె, ఒక ముక్క ఇంగ్లీషు, ఒక ముక్క తెలుగు. మొదటి పేజీకే ఆమెకు అర్థమైపోయింది ఇది పాఠం కాదని. పాఠాల్లో రాజులు ఒకరి గొంతు ఒకరు కోసుకోరు. అయినా "అబద్ధమెందుకు చెప్పినవ్?" అనలేదు. "ఊ, సదువు" అంది.

నలుగురు మనుషుల దగ్గరికి వచ్చాం. ఒక కత్తి యోధుడు, ఒక విలుకాడు, ఒక దొంగ. నాలుగో మనిషి ఓరిన్ అనే వైద్యురాలు. అత్త నోట్లో ఆమె ఓరీనమ్మ అయింది. ఎవరు ఎంత బరువు మోయగలరో, ఎన్ని రోజుల తిండి పట్టుకెళ్లాలో ఒక పట్టిక ఉండేది. అది విని అత్త ఆగమన్నది.

"ముగ్గురు మొగోళ్లున్నరు గద. వంట ఎవరు చేస్తున్నరు?"

"పుస్తకంల రాయలేదత్తా."

"రాయరు. ఓరీనమ్మనే చేస్తుండొచ్చు. పొద్దంత వంటే చేస్తే మందులెప్పుడు నూరుతది? నేను ఇరవయ్యేండ్లు ఆసుపత్రిల జేసిన, నాకు తెల్వదా!"

రాక్షసుల పేజీలు బాపు కూడా విన్నాడు. నేల మీద పాకుతూ తగిలినదాన్నల్లా కరిగించే ఒక బంక భూతం ఉండేది. బాపు బూట్లు వేసుకుంటూ, "గిదేం కొత్తరా? మా మొలాసిస్ ట్యాంకి అడుగున ఎప్పటి సంది ఉన్నది. గా విలుకాన్ని ఒక్కసారి మా నైట్ షిఫ్టుకు పంపు" అని వెళ్లిపోయాడు. పుస్తకంతో పాటే వచ్చిన ఆ రాజ్యం గుడ్డ పటాన్ని అత్త వేళ్లతో తడిమి, "కొండలెక్కడున్నయో తెలుస్తలేదు గని బట్ట మాత్రం మంచి గట్టిగున్నది" అంది. దాన్ని దిండు కింద పెట్టుకుంది.

పుస్తకం చివర కథ ఇలా ఆగింది. ఆ రాజ్యంలో ఒక పాత గని. దాని అడుగున రాజ్యానికి వెలుగిచ్చే దీపం. ఒకనాడు దీపం ఆరిపోయింది. దాన్ని వెలిగించడానికి ఓరిన్ ఒంటరిగా గనిలోకి దిగింది. తిరిగి రాలేదు. మిగతా ముగ్గురూ గని నోటి దగ్గర నిలబడి ఉన్నారు. "మాకు తెలిసింది ఇంతే, ఇక మీరు లోపలికి నడవండి" అని చివరి మాట. ఆ తర్వాత నాలుగు ఖాళీ పేజీలు, గీతలు కొట్టి.

"తర్వాత?" అంది అత్త.

"అయిపోయిందత్తా. తర్వాతది ఆటల ఉంటది. ఆడుకుంట పోతే తెలుస్తది."

"ఆమె బయటికొచ్చిందా లేదా?"

"తెల్వదు."

ఆ నెలలోనే నిజామాబాదులో కంటి ఆపరేషన్ల క్యాంపు ఉంది. బాపు పేరు రాయించి వచ్చాడు. ఆమె అప్పటికే రెండుసార్లు ఏదో వంక పెట్టి తప్పించుకుంది. ఆసుపత్రిలో ఇరవయ్యేళ్లు ఇతరుల కట్లు మార్చిన మనిషి, తన కళ్లకు కట్టు కట్టి రోజులకు రోజులు కదలకుండా పడుకోబెడతారంటే వణికిపోయేది. చీకట్లోకి దిగాక మళ్లీ ఎక్కలేనేమోనని. మూడోసారి తప్పించుకుంటే ఉన్న నీడలు కూడా పోతాయని డాక్టరు గట్టిగా చెప్పి పంపాడు.

"సామేలూ," అంది చివరికి, "నువ్వు గా ఆట ఆడి, ఓరీనమ్మ బయటికొచ్చిందో లేదో సూసి చెప్పు. వస్తే నేనూ పోత. రాకపోతే నన్ను అడగొద్దని మీ బాపుకు చెప్పు."

ఇంతవరకూ అంతా సవ్యంగానే ఉంది. ఆపద వచ్చింది పుస్తకం మీది భక్తి వల్ల. మధ్యలో రెండు పిన్నులు కొట్టిన పుస్తకం చేతికి తగిలితే అత్తకు మనసొప్పలేదు. "గింత మంచి పుస్తకానికి అట్ట లేకపోతే ఎట్ల? పరాయోళ్లది, తెచ్చినట్టే ఇస్తే మర్యాదేనా?" అనుకుని, నేను కాలేజీకి వెళ్లినప్పుడు పాండురంగ్ కాకాను పిలిపించింది. ఆయన ఫ్యాక్టరీ రిజిస్టర్లకు అట్ట వేసి జిల్దు కట్టేవాడు. మరాఠీ మనిషి. తన చేతిలో పడ్డ ఏ కాగితమైనా వందేళ్లు బతకాలని పట్టుదల. ఆయన పిన్నులు పీకి, మడత దగ్గర కోసి, కాగితాలన్నీ బిగించి మూడు పక్కలా అంచు కత్తిరించాడు. పేజీ అంకెలు అంచుకు ఆనుకుని ఉండేవి. అవి సన్నటి పేలికలై కిందపడ్డాయి. తర్వాత అంచుకు ఎర్రరంగు పూసి ఎండలో ఆరబెట్టాడు. గాలి వచ్చింది. కాగితాలు లైను పొడుగునా ఎగిరాయి. ఎవరిదో మేక ఒకటి అప్పటికే అక్కడ నిలబడి ఉంది, ఒక కాగితాన్ని అందుకుని నమిలింది. ఆమాటకొస్తే ఆ మేక అంతకుముందు మా గోడ మీది ఎన్నికల పోస్టరును కూడా తినేసింది, పార్టీ భేదం లేకుండా.

సాయంత్రం నేను వచ్చేసరికి పాండురంగ్ కాకా పుస్తకాన్ని రెండు చేతులతో అందించాడు. "సూడు బాబూ, ఏక్‌దం ఫస్ట్ క్లాస్. బొమ్మలున్నయి అన్ని ముంగట పెట్టిన, బొమ్మల్లేనియి అన్ని ఎనక పెట్టిన. ముందు మొత్తం కలగాపులగం ఉండె, ఎవడు కుట్టిండో గాని!"

తెరిచి తిరగేశాను. అంకెల్లేవు, వరస లేదు, ఒక కాగితం అసలే లేదు. అత్త నా ఊపిరి చప్పుడు విని కనిపెట్టింది. విషయం విన్నాక తలమీద చేయి పెట్టుకుంది.

"నా వల్లనే పాడైంది. పరాయి పిల్లగాని సొమ్ము."

"పోనీలే అత్తా."

"పోనీ ఎట్ల? ఎన్ని పేజీలు? తొంబయారు. నువ్వు అంకె చెప్పి సదివినవ్ గద? కూసో. ఒక్కొక్క కాగితం మొదటి మాట సదువు."

నేను కూర్చున్నాను, చెవిమీద పెన్సిలుతో. ఒక కాగితం తిప్పి మొదటి ముక్క చదివితే ఆమె కళ్లు మూసుకుని తల కొంచెం పక్కకు వంచేది. "గది మూలికలది. పందొమ్మిది. దాని ఎనక రాజు చిన్నకొడుకు పారిపోయినది ఉండాలె." వెనక తిప్పితే అదే ఉండేది. "బంక భూతం అరవై ఒకటి. నువ్వు దగ్గినవ్ గ పేజీల." అంకె వేస్తూ పోయాను. మా అమ్మ వంట ఆపి వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. షిఫ్టుకు బయలుదేరిన బాపు ఒక బూటు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. పాండురంగ్ కాకా మాత్రం కొంచెం నొచ్చుకున్నాడు, తన వరసే బాగుందని. చీకటి పడేలోపు ఒక్క ఆకు తప్ప అన్నిటికీ అంకెలు వచ్చాయి. నలభై ఒకటి, నలభై రెండు లేవు. అవి మేక కడుపులో ఉన్నాయి.

శనివారం అత్త కూడా బయలుదేరింది. "తప్పు నాది. గా పిల్లగానికి నేనే చెప్పుకుంట" అంది. తెల్లచీర కట్టుకుని, గుడ్డ పటం మడిచి చేతిసంచిలో పెట్టుకుని, నా భుజం పట్టుకుని బస్సెక్కింది. మెట్ల దగ్గర ఇక్బాల్ అన్న ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. ఎర్ర అంచు పుస్తకం చూసి ఆయన దాని అంచును వేలితో రుద్ది చూశాడు.

"అమ్మా, నేను మా తమ్మునికి ఏం చెప్పాలె?"

"నా పేరు చెప్పు బిడ్డా. ఎస్తేరమ్మ పాడుచేసిందని చెప్పు. గాని ముందుగాల కంప్యూటర్ పెట్టు, దేవుడున్నడు."

ఫ్లాపీ పెట్టాడు. కరకరలాడింది. తొంభై ఆరు పేజీల్లో ఏది అడిగినా మా దగ్గర జవాబుంది, రెండింటికి తప్ప. తెర మీద అక్షరాలు వచ్చాయి. నేను లోలోపల చదివాను. నలభై రెండో పేజీ, మూడో పేరా, మొదటి మాట.

ఇక్బాల్ అన్న కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. అత్త నా మోచేయి పట్టుకుని, "ఏం పేజీ?" అంది. చెప్పాను. సండే స్కూలు పిల్లలా నిటారుగా కూర్చుంది. తల పక్కకు వంచింది. నేను చదివిన ఇంగ్లీషు, నా యాసతో సహా, ఆమె నోటి నుంచి మెల్లగా వచ్చింది. "బిలో ది థర్డ్ స్టెయిర్, నో ల్యాంప్ విల్ బర్న్. మూడో మెట్టు కింద ఏ దీపమూ వెలగదు. కొట్టు బిడ్డా, బిలో అని కొట్టు."

కొట్టాను. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత కంప్యూటర్ డబ్బాలోంచి సన్నటి పాట వచ్చింది, తెర నీలంగా వెలిగింది, గని నోరు తెరుచుకుంది. ఇక్బాల్ అన్న లేచి నిలబడి, "కమాల్ హై అమ్మా!" అని చప్పట్లు కొట్టాడు. పక్కగదిలో టైపు నేర్చుకునే అమ్మాయిలు కూడా వచ్చారు. ఆ రోజు ఇక క్లాసులు జరగలేదు. నేను మీటలు నొక్కుతూ పోయాను. ప్రతి మలుపులో అత్త పుస్తకం నుంచి సలహా చెప్పింది, బంక భూతానికి ఉప్పు చల్లమని, తలుపు మీద మూడుసార్లు తట్టమని. మీరు నమ్మరు, సాయంత్రం నమాజు వేళకల్లా గని అడుగుకు చేరాం. దీపం వెలిగింది. దాని పక్కన కూర్చుని ఉన్న ఓరిన్ లేచి మా వెంట నడిచి బయటికి వచ్చింది. ఇక్బాల్ అన్న ఎంత సంతోషపడ్డాడంటే పుస్తకాన్ని అత్త సంచిలోనే పెట్టి, "నీ దగ్గరే ఉంచుకో అమ్మా" అన్నాడు.

మాట ప్రకారం అత్త క్యాంపుకు వెళ్లింది. మొదట ఒక కన్ను చేశారు. కట్టు కట్టి పడుకోబెట్టిన రోజులన్నీ దిండు కింద పుస్తకం ఉంది. నర్సులు దేవుని గ్రంథమనుకుని దాన్ని కదిలించలేదు. కట్టు విప్పి ఇంటికి తెచ్చిన రోజు గడప దగ్గరే నన్ను పట్టి నిలబెట్టి ముఖంలోకి చూసింది.

"ఓరి, గీ మీసాలెప్పుడొచ్చినయ్‌రా నీకు?"

తర్వాత మంచం మీద కూర్చుని పుస్తకం తెరిచింది. బొమ్మలు ముందుకొచ్చాయి కదా, పాండురంగ్ కాకా చలవ. ఆమె వెతికేది ఎవరినో నాకు తెలుసు. నేను నీళ్లు తెస్తానని లేచాను. కూర్చోమంది. ఒక బొమ్మ మీద వేలు పెట్టింది. కింద ఓరిన్ అని ఉంది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కునేంత ఆయా పనిలో నేర్చుకుంది. చేతిలో మందుల సంచి, తలకు ముసుగు, బొడ్డు దాకా తెల్లటి గడ్డం.

మీకు కూడా వైద్యురాలనే చెప్పాను, క్షమించండి. నలుగురూ మగవాళ్లే. మొదటిరోజు చదువుతుంటే అత్త "గిందుల ఆడోళ్లే లేరా?" అంది చూడండి, ఆ గొంతు విన్నాక నాలుగో మనిషికి గడ్డం ఉంచాలనిపించలేదు.

అత్త ఆ గడ్డాన్ని చాలాసేపు చూసింది. అటు తిప్పి చూసింది, ఇటు తిప్పి చూసింది.

"సామేలూ."

"ఆఁ అత్తా."

"ఓరీనమ్మకు గడ్డం ఎప్పుడు మొలిచిందిరా?"

ఆమె పుస్తకం మూసి, ఎర్ర అంచును కొంగుతో తుడిచింది. "గనిల ఉన్నప్పుడు మొలిచుంటది. పాపం, చాన రోజులు చీకట్ల ఉన్నది గద" అంది.

ఇప్పుడు మా అక్క మనవడు ఆ రకం ఆటలే ఫోనులో ఆడతాడు. రాక్షసుడి ఒక్కొక్క వెంట్రుకా కనిపిస్తుంది. ఎటు నడవాలో బాణం గుర్తు చూపిస్తుంది, ఎక్కడ నొక్కాలో వేలిబొమ్మ వచ్చి చెబుతుంది. పుస్తకం చూపిస్తే, "తాతా, గిది సదివినంక ఆడాల్నా? ఆడుకుంటనే నేర్చుకుంటం గద" అన్నాడు. వాడిది న్యాయమైన మాటే. మేమేమీ ఎక్కువ తెలివైనవాళ్లం కాదు, మాకు వేరే దారి లేదు. కానీ వాడి ఆటలో వంట ఎవరు చేస్తారో అడిగే సందు లేదు. అన్నీ కనిపిస్తున్నచోట అత్తలాంటి వాళ్లకు పనేముంది? కళ్లు కనిపించని మనిషి, కంప్యూటర్ లేని ఇల్లు, సగమే వచ్చే ఇంగ్లీషు. ఆ పుస్తకం మా ముగ్గురి కోసమే అచ్చయినట్టుండేది. ఫ్యాక్టరీ భోంగా కూడా ఇప్పుడు మోగదు. ఆ వైపు బట్టలు తెల్లగానే ఆరుతున్నాయి, ఊదాల్సిన పనిలేదు.

చక్కెర కరిగిపోయింది. ఎప్పుడో కరిగింది. ఏ వాక్యం దగ్గర కరిగిందో చెప్పి ఒట్టు తీర్చుకుంటాను. "ఒక్క క్షణం ఏమీ లేదు" అన్నానే, అక్కడిదాకా, ఓరీనమ్మ గడ్డం ఒక్కటి తప్ప, నాలుక తియ్యగానే ఉంది. ఆ తర్వాత గని నోరు తెరుచుకునే దగ్గర నుంచి పుస్తకం సంచిలో పెట్టే దాకా కల్పించాను. తెలివైనవాళ్లు ఈపాటికే పట్టుకుని ఉంటారు. ఆట బతికుంటే దాని తాళంచెవి లాంటి పుస్తకాన్ని ఎవడైనా ఇచ్చేస్తాడా?

జరిగింది ఇది. బిలో అని కొట్టాను. డబ్బా బీప్ అంది. అత్త నోట్లోనే మళ్లీ పేజీ మొత్తం నెమరేసుకుని, ఇంకో పేరా మొదటి మాట చెప్పింది. బీప్. మూడోది చెప్పింది. బీప్. తెర నల్లబడింది. ఇక్బాల్ అన్న తమ్ముడు చెప్పింది నిజమే, ఫ్లాపీలో ఏమీ మిగల్లేదు. ఆయన ఫ్లాపీ బయటికి తీసి, మాకు చాయ్ తెప్పించి, "పోనీ అమ్మా. ఆటనే పోయింది, కితాబు నేనేం చేసుకోను? నువ్వుంచుకో" అన్నాడు. గొంతులో కోపం లేదు. అది ఉండి ఉంటే బాగుండేది.

అత్త లెక్క తప్పలేదు. ఆ పేజీ చదివిన సాయంత్రం నాకు ఆకలిగా ఉండి, ఇంగ్లీషు కఠినంగా ఉందని పైన రెండు పేరాలు దాటేశాను. నేను చదివిన మూడోది పుస్తకంలో అయిదోది; మిషను అడిగిన మూడోది ఆమె లెక్కలో మొదటిది. ఆ సంగతి రెండో బీప్‌కే నాకు గుర్తొచ్చింది. మూడోదానికి ముందు నోరు తెరిచి ఉండాల్సింది. కానీ ఇక్బాల్ అన్న పక్కనే ఉన్నాడు, టైపు నేర్చుకునే అమ్మాయిలు గుమ్మంలో ఉన్నారు. తెరవలేదు. బస్సులో అత్త, "నేనే మర్చిపోయిన బిడ్డా. ముసలిదాన్నయిన" అంది. అప్పుడు కూడా తెరవలేదు. ఇన్నేళ్లలో ఒక్కసారీ చెప్పలేదు. అందుకే ఇక్కడ, కాగితం మీదైనా, ఆమెను గెలిపించాను.

బస్సులో నేను తెరిచిన నోరు వేరే దానికి. ఎడపల్లి దగ్గర, చెరకు బండ్లకు దారిచ్చి బస్సు ఆగినప్పుడు, "అత్తా, ఓరీనమ్మ బయటికొచ్చింది" అన్నాను. గనిలో ఎన్ని మెట్లో, మూడో మెట్టు కింద వెలగని దీపం ఎలా వెలిగిందో, పైకి వచ్చేసరికి ఎంత ఎండ కాసిందో బోధన్ దాకా చెప్పాను. పక్కనే కూర్చుని మూడు బీపులూ విన్న మనిషి. ప్రతి ఊపిరికీ "తర్వాత?" అంటూనే ఉంది. దిగేముందు, "అయితే నేనూ పోత" అంది.

పుస్తకం చివరి ఖాళీ పేజీలను నేను కోటగిరిలో పెట్టె తెరిచిన రోజే మొదటిసారి చూశాను. నాలుగూ నిండి ఉన్నాయి. అత్త సండే స్కూలు గుండ్రటి తెలుగు, ప్రతి పేరాకూ అంకె. బస్సులో చెప్పిన కథంతా ఉంది, నేను మర్చిపోయిన ఎండతో సహా. అట్టడుగున, బహుమానం పుస్తకంలో సంతకం పెట్టినట్టు, రెండు ముక్కలు రాసి ఉన్నాయి: ఇది సామేలు చెప్పగా విన్నది. ఇందులో ఉన్న ప్రతి మాటా నిజం.

ఈ అధ్యాయం మొదట్లోని ఒట్టు అక్కడి నుంచే దొంగిలించాను.